గజాల్లోకి కరిగిన ఊరు

హైదరాబాద్ చంపాపేట్‌లో ఇవాళ నాగలి పెట్టడానికి గజం నేల లేదు. ఈ కథ చివర ఏమవుతుందో ముందే చెప్పేస్తున్నాను. దాచినా దాగేది కాదు గనక. ఐ.ఎస్. సదన్ దాటి నాగార్జునసాగర్ రోడ్డు పట్టుకుంటే కర్మన్‌ఘాట్ దిక్కుగా అడుగడుగునా ఫంక్షన్ హాళ్లు. ముహూర్తాలున్న రాత్రి ఆ దారిన బండి కదలదు. బరాత్ బ్యాండు, గుర్రం, జనరేటర్ల మోత, గేటు దగ్గర పన్నీరు చల్లే పిల్లలు, లోపల నల్లగొండ నుంచీ పాతబస్తీ నుంచీ వచ్చిన చుట్టాలు. ఇన్ని పెళ్లిళ్ల కింద ఒక పల్లె పడుకుని ఉంది. దానికి బావులుండేవి, చెలకలుండేవి, గెట్టు తగాదాలుండేవి, వాటిని తీర్చే రచ్చకట్ట ఉండేది.

ఊళ్లు కరువుకు పోతాయి, వరదకు పోతాయి, ప్రాజెక్టుల కింద మునిగి పోతాయి. ఈ ఊరు ధర పెరిగి పోయింది. పోయిన నాడు దాని చేతిలో అంతకు ముందెన్నడూ చూడనంత పైకం ఉంది. అందుకే కాబోలు, పలకరించడానికి ఎవరూ రాలేదు. డబ్బొచ్చిన ఇంటికి పరామర్శకు వెళ్లడం మనకు అలవాటు లేదు.

నిజాం ఏలుబడిలో నగరాన్ని చుట్టుకుని ఉన్న పల్లెల జిల్లా అత్రాఫ్-ఎ-బల్దా. అందులో చాలా నేల సర్ఫ్-ఎ-ఖాస్, నిజాం సొంత ఖజానాకు శిస్తు పోయేది. ఈ తూర్పు దిక్కు పల్లెలకు రాజు కన్నా నీరే పెద్ద దిక్కు. ఉత్తరాన సరూర్‌నగర్ చెరువు, 1626లో కుతుబ్‌షాహీల కాలంలో కట్టింది, 99 ఎకరాల నీళ్లు. ఎగువన మన్సూరాబాద్, బైరామల్‌గూడ చెరువులు. ఒకటి నిండి అలుగు దుంకితే ఆ నీరు కిందిదానికి చేరేది, చివరికి మూసీలో కలిసేది. చెరువు కింద వరి, మీది చెలకల్లో జొన్న, బావుల కింద కూరగాయలు. తెల్లారకముందే పాలకూర కట్టలు, కొత్తిమీర, వంకాయ గంపలకెత్తి మాదన్నపేట మండికి పోయేవాళ్లు. సైకిల్ హ్యాండిల్‌కి రెండు పక్కలా క్యాన్లు కట్టుకుని పాలవాళ్లు మలక్‌పేట ఇళ్లకు పోయేవాళ్లు. కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడి కాకతీయుల కాలం నాటిదని స్థలపురాణం. మంగళ, శనివారాల్లో ఆ గుడికి నగరం నుంచి వచ్చే భక్తులకు ఈ పల్లెలు అడవి దారిలో మజిలీలు.

ఆ తర్వాత తోటలు వచ్చాయి. వాటి దగ్గర కాసేపు నిలబడాలి. పోయినవాటిలో నాకు అన్నిటికన్నా దుఃఖం కలిగించేవి అవే.

హైదరాబాద్‌కు పేరు తెచ్చిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పొడుగ్గా, లేత పసుపుపచ్చగా ఉండేది. గింజలున్నా తియ్యన. ఉప్పల్, సరూర్‌నగర్, హయత్‌నగర్ దిక్కున ఈ తూర్పు అంచంతా ఒక కాలంలో ఆ పందిళ్లే. ద్రాక్ష తోటకు మొక్క కంటే ముందు రాయి నాటాలి. ఆరడుగులు పైకి వచ్చేలా నల్లరాతి కడీలు వరసగా పాతి, వాటి మీద ఇనుప తీగ నిలువూ అడ్డం లాగి బిగించాలి. ఆ ఖర్చుకే చాలామంది అప్పు చేసేవాళ్లు. తీగ పందిరెక్కి కాపుకు రావడానికి రెండు మూడేళ్లు పట్టేది. ఏటా రెండు కత్తిరింపులు, ఏప్రిల్ ఎండల్లో ఒకటి, అక్టోబర్‌లో ఒకటి. కోసిన మొనల్లోంచి నీరు బొట్టుబొట్టుగా రాలేది. తోటలోకి పోతే నెత్తి తడిసేది. మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టిన మందుకు ఆకులూ, కడీలూ, కూలీల చేతులూ అన్నీ ఒకే నీలిరంగుకు తిరిగేవి. పిందె పడ్డాక ఆడవాళ్లు పందిరి కింద మెడ వెనక్కి వాల్చి, చిన్న కత్తెరతో గుత్తిలో ఇరుకైన పిందెలను ఒక్కొక్కటే తీసేవాళ్లు. అలా తీస్తేనే మిగిలిన కాయ ఊరుతుంది. సాయంత్రానికి మెడ పట్టేసి, ఇంటికి పోయేటప్పుడు నేల చూసి నడవడం కష్టమయ్యేది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కోత. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఆ పందిరి కింద ఉండే చల్లదనం ఈ ఊళ్లో ఏ ఏసీ హాలూ మళ్లీ ఇవ్వలేకపోయింది.

అట్లాగని ఆ ఊరు స్వర్గమేమీ కాదు. భూమి ఉన్నవాళ్లు కొద్దిమంది. పట్టేదారు రెడ్లు, వాళ్ల పక్కన చిన్న కమతాల ముదిరాజులు, గొల్లలు, కల్లు గీసే గౌడ్లు, చాకలి, మంగలి, కుమ్మరి, ఊరి అంచున మాదిగవాడ, దర్గా దగ్గర ముస్లిం ఇళ్లు. పీరీలు లేచిన రాత్రి అందరూ ఒకే నిప్పుల గుండం చుట్టూ ఆడేవాళ్లు. తెల్లారి నీళ్లు చేదుకోవడానికి మాత్రం ఎవరి బావి వాళ్లదే. ఏడాదికి ఇన్ని బస్తాల జొన్నలని ఒప్పుకుని జీతానికి కుదిరిన పిల్లలు పశువుల కొట్టంలోనే పెరిగారు. ఊరు పోయినందుకు ఆ పిల్లలందరూ ఏడవాలని నేను కోరడం లేదు. వాళ్లకు జరిగింది వేరు. ఊరు పేదగా ఉన్నప్పుడు వాళ్లకు అందులో పని ఉండేది. ఊరికి డబ్బొచ్చిన నాడు అందులో వాళ్లకు వాటా లేకపోయింది.

అది తప్పించుకునే మలుపు ఒకటి మొదట్లోనే వచ్చింది. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ సర్కారులో కలిసింది, జాగీర్లు రద్దయ్యాయి. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. దున్నేవాడు రక్షిత కౌలుదారు అయ్యాడు. ఆ హక్కు ముదిరి పట్టాగా మారే దారి 38-ఇ సెక్షన్‌లో ఉంది. 1951 ఏప్రిల్‌లో వినోబా భావే శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనం ముగించుకుని కాలినడకన తూర్పుకు సాగాడు. 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి భూమి లేనివాళ్లకు వంద ఎకరాలు ఇస్తానన్నాడు. అంత పెద్ద మాట ఈ పల్లెలకు అంత దగ్గరగా పుట్టింది. కానీ కాగితం మీద ఎవరి పేరుందన్నదే చివరికి నిలిచింది. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో పేరెక్కినవాడికి హక్కు, ఎక్కనివాడికి నోటిమాట. పట్వారి ఇంటి అరుగు మీద చేతులు కట్టుకుని నిలబడి, "దొరా, మా అయ్య పేరు రాసినవా?" అని అడిగి, "రాసిన్లే పో" అంటే నమ్మి వెళ్లిపోయిన మనుషులు ఈ చుట్టుపక్కల ఎంతమందో. ఆ ఒక్క గడిలో పేరు పడి ఉంటే ముప్ఫై ఏళ్ల తర్వాత బయానా అందుకునే చేతుల్లో మరికొన్ని నల్లటి చేతులు ఉండేవి.

అటు దక్షిణాన కంచన్‌బాగ్‌లో దేశం ఆయుధాలు చేసుకోవడం మొదలుపెట్టింది. 1962లో డీఆర్‌డీఎల్, మరుసటి ఏడు డీఎంఆర్‌ఎల్, 1970లో బీడీఎల్, 1973లో మిధాని. ఊరికి ఆనుకుని నెలనెలా జీతం వచ్చే మనుషులు వచ్చారు. ఒకటో తారీఖు అనేది ఊరికి అప్పుడే పరిచయమైంది. అంతకు ముందు డబ్బు పంటతో వచ్చేది, పండగతో పోయేది. వచ్చినవాళ్లు చదువుకున్నవాళ్లు, మర్యాదస్తులు, కాంపౌండ్‌లో మామిడి, కరివేపాకు పెట్టుకునేవాళ్లు. వాళ్లకు కావలసింది రెండు వందల గజాలు. ఎకరాకు 4,840 గజాలన్న లెక్క ఊరివాళ్లు నేర్చుకున్నది వాళ్ల వల్లే. దానితో మనసు మారిపోయింది. ఎకరం అంటే ఏం పండుతుందని అడిగేవాళ్లం. గజం అంటే ఎంతకు పోతుందని అడుగుతాం.

1976లో పట్టణ భూపరిమితి చట్టం వచ్చింది. హైదరాబాద్ లాంటి నగరంలో ఒకరికి వెయ్యి చదరపు మీటర్ల ఖాళీ స్థలానికి మించి ఉండకూడదు. సాగులో ఉన్న భూమికి మినహాయింపు ఉందిగానీ, మాస్టర్ ప్లాన్‌లో నివాస ప్రాంతమని రంగు పడితే ఆ మినహాయింపు పోతుంది. పెద్దల భూమి పేదలకు పంచాలన్న ఉద్దేశం మంచిదే. కానీ పల్లెకు చేరేసరికి ఆ మంచి భయంగా మారింది. "సర్కారు గుంజుకుంటది, ఇప్పుడే అమ్ముకో" అన్న మాట హోటల్లో చాయ్‌తో పాటు తిరిగింది. అమ్మకానికి రిజిస్ట్రేషన్ కాకపోతే జీపీఏ, అదీ కాకపోతే నోటరీ. తెల్లచొక్కా వేసుకుని స్కూటర్ మీద వచ్చే కమీషన్ మనిషి జేబులో పెన్నూ, సంచిలో స్టాంపు పేపరూ పెట్టుకునే తిరిగేవాడు. బయానా చేతిలో పడ్డాక ఇక మాట మార్చుకోవడం మగతనం కాదనుకునే ఊరది. ఒక వారం ఆగుదామని అన్నవాడు ఇంట్లోనే పిరికివాడయ్యాడు.

ఆ సంతకాల రోజు ఇంట్లో ఎట్లా ఉండేదో చాలామంది చెప్పారు. అందరి మాటల్లో ఒకే దృశ్యం. పెళ్లయి పోయిన ఆడబిడ్డలను పిలుచుకొచ్చేవాళ్లు. 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలయ్యేలా రాష్ట్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కూతుళ్లకు కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లకు అది వర్తించలేదు. అయినా కొనేవాడు భయస్తుడు, అందరి వేలిముద్రలూ అడిగేవాడు. తెల్లవారి కోడి కోసేవాళ్లు. అన్న భార్య కొత్త చీర, జాకెట్ ముక్క, కుంకుమ బరిణె పళ్లెంలో పెట్టి తెచ్చేది. అన్నం తిన్నాక గడప దగ్గర కూర్చోబెట్టి, ఇంకు ప్యాడ్ దగ్గరికి జరిపి, "ఈడ పెట్టమ్మా" అనేవాళ్లు. చెల్లె అడిగేది కాదు. అడిగితే పుట్టిల్లు పోతుంది. సాయంత్రం బస్సెక్కేటప్పుడు బొటనవేలికి ఇంకా నీలం అంటుకునే ఉండేది. ఆ వేలిముద్ర పడిన తోటలో తాను చిన్నప్పుడు పిందెలు తీసింది.

ఈ కథలో దొంగ ఎవరని అడిగితే నా దగ్గర జవాబు లేదు. కొన్నవాళ్ల ముఖాలు చూడండి. సాగర్ రోడ్డు మీద మాల్ దాటి పోతే మర్రిగూడ, మునుగోడు పల్లెలు. అక్కడ నీటిలో ఫ్లోరైడ్. వంగిన కాళ్ల పిల్లలను చూసి చూసి, ఉన్న చెలక అమ్మి ఇటు వచ్చారు. దేవరకొండ తండాల నుంచి కరువుకు తాళలేక లంబాడీలు వచ్చి సైదాబాద్ సింగరేణి కాలనీలో గుడిసెలేశారు. కోస్తా నుంచి చిన్న ఉద్యోగులు పీఎఫ్ తీసి ప్లాటు కొన్నారు. పాతబస్తీ ఇరుకు గల్లీల నుంచి పెద్ద కుటుంబాలు కాస్త గాలి కోసం సంతోష్‌నగర్ దాటి వచ్చాయి. ఒక ఊళ్లో నిలవలేకపోయినవాళ్లు ఇంకో ఊరి గుండె మీద ఇల్లు కట్టుకున్నారు. 2001 జనాభా లెక్కల్లో ఎల్‌బీనగర్ మున్సిపాలిటీకి 2.61 లక్షల మంది తేలారు. అందులో ఈ నేల మీద పుట్టినవాళ్లు పిడికెడు. బతుకమ్మ రాత్రి పాడేవాళ్ల కంటే చూసేవాళ్లు ఎక్కువయ్యారు, తర్వాత డీజే వచ్చి ఆ లెక్క కూడా చెరిపేసింది.

తోటలు ఎలా పోయాయో త్వరగా చెప్పేస్తాను, అది చెప్పాలంటే గొంతు సహకరించదు. ఇళ్లకొక బోరు, కాలనీకొక బోరు. బావుల్లో అడుగు కనబడింది. తీగకు నీరు చాలలేదు, తెగుళ్లూ పట్టాయి. మందు ఖర్చు పెరిగింది, కూలీలు కట్టడం పనికి మళ్లారు. గింజలేని ద్రాక్ష మహారాష్ట్ర నుంచి లారీల్లో దిగింది. ఒక్కో ఏడూ ఒక్కో పందిరి కూలింది. తీగ పాతసామాన్ల దుకాణానికి పోయింది. కడీలు మాత్రం ప్లాట్ల చుట్టూ హద్దురాళ్లయ్యాయి.

ఇంకో దారి ఉండిందా? పుణె పక్కన మగర్‌పట్టా అనే పల్లెకూ ఇదే గండం వచ్చింది. అదే భూపరిమితి చట్టం, అదే మాస్టర్ ప్లాన్, స్కూటర్ మీద వచ్చే అలాంటి మనుషులే. అక్కడ సతీశ్ మగర్ అనే రైతు ఇంటింటికీ తిరిగి బంధువులను, పాలివాళ్లను కూర్చోబెట్టాడు. సుమారు 120 రైతు కుటుంబాలు 400 ఎకరాలకు పైగా భూమిని ఒక్కచోట చేర్చి కంపెనీ పెట్టుకున్నాయి. భూమి ఎంతో వాటా అంత. 2000 ప్రాంతంలో వాళ్లే టౌన్‌షిప్ కట్టడం మొదలుపెట్టారు. కొందరు రైతుల పిల్లలు కాంట్రాక్టర్లయ్యారు. అక్కడా ఆ పల్లె పల్లెగా మిగల్లేదు, చెరకు పోయింది, ఆఫీసులొచ్చాయి. కానీ ఊరివాళ్లు ఊళ్లో వాటాదారులుగా మిగిలారు. ఆ కథ మొదటిసారి విన్నప్పుడు నాకు చంపాపేట్ రచ్చకట్టే గుర్తొచ్చింది. గెట్టు తగాదాలు తీర్చిన ఆ రాతి అరుగు మీద ఒక్క రాత్రి అందరూ కూర్చుని ఉంటే! కూర్చున్నా లాభం ఉండేదా అంటే, ఏమో. దున్నినవాడి పేరు కాగితంలో లేదు, ఆడబిడ్డకు మాట లేదు, అన్నదమ్ములకు పొత్తు లేదు. కలిసి నడవడానికి కావలసినదంతా అంతకు ముందే ఒక్కొక్కటిగా జారిపోయింది.

కూర్చోవలసిన అరుగు కూడా ఎక్కువ కాలం లేదు. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. ఆ దౌర్జన్యం పోయినందుకు ఊరు ఊపిరి పీల్చుకుంది. ఆ దశాబ్దం దాటేసరికి పంచాయతీ పోయి మున్సిపాలిటీ వచ్చింది. 2007 ఏప్రిల్ 16న చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు హైదరాబాద్‌లో కలిశాయి. సర్పంచ్ ఇంటికి నడిచిపోయి తిట్టే హక్కు ఉన్న మనుషులకు ఒక డివిజన్, ఒక సర్కిల్, ఒక టోల్‌ఫ్రీ నంబరు దక్కాయి. లేఔట్‌లో పదో వంతు పార్కుకు వదలాలని నిబంధన. వదిలిన జాగా ఎక్కడుందో అడిగే నాథుడు ఆ కాలంలో లేడు. చెరువు శిఖం భూమి ఏదో, పట్టా భూమి ఏదో కళ్లతో చూసి చెప్పగల నీరటికాడు, చెరువు నీళ్లు వదిలే మనిషి, చనిపోయాడు. ఆయన స్థానంలో ఎవరినీ పెట్టలేదు.

మరి వచ్చిన డబ్బు?

అది వచ్చినట్టే పోయింది. అందరిదీ కాదు. కొందరు నిలబెట్టుకున్నారు, ఫంక్షన్ హాలు కట్టుకున్నవాళ్లు వాళ్లే. నేలను అమ్మకుండా నేల మీద ఆదాయం చూసుకున్నారు. మిగిలినవాళ్లు ముందు ఇల్లు కట్టారు, పెద్ద హాలు, మార్బుల్. తర్వాత జీపు. తర్వాత కూతురి పెళ్లి, మూడు ఊళ్లకు అన్నం పెట్టారు. ఇంకా దూరంలో భూమి కొన్నారు, ఆ కాగితాలు తప్పుడువని తేలింది. అన్నదమ్ములు కోర్టుకెక్కారు. తాగుడు చాలా ఇళ్లలో చివరి అధ్యాయం. నలభై ఏళ్ల మనిషి ఒక ఉదయం లేచి, ఎక్కడికీ పోనవసరం లేదని తెలుసుకుని అరుగు మీద కూర్చోవడం ఎట్లా ఉంటుందో ఊహించండి. ఆయన తాత, తండ్రి ఆ వేళకు మోట తోలుతుండేవాళ్లు. భూమి ఏటా కొంచెం ఇచ్చేది, ఆ కొంచెం కోసం మనిషిని పొద్దున్నే లేపేది. పైకం అంతా ఒక్కసారే ఇచ్చి, లేపడం మానేసింది.

భూమి లేనివాళ్ల సంగతి చెప్పుకోవడానికి పెద్దగా లేదు, ఎందుకంటే దాన్ని ఎవరూ రాసిపెట్టలేదు. పిందెలు తీసిన చేతులు కాలనీల్లో అంట్లు తోమాయి. జీతగాళ్ల కొడుకులు అడ్డా మీద నిలబడ్డారు. కొంతకాలానికి ఆ అడ్డా మీద బిహార్, ఒడిశా కుర్రాళ్లు వచ్చి తక్కువ కూలికి నిలబడితే వీళ్లు వాచ్‌మన్లయ్యారు. కిరాయి పెరిగినప్పుడల్లా ఒక బస్ స్టాప్ వెనక్కి జరిగారు. మెట్రో 2018లో ఎల్‌బీనగర్‌కు వచ్చేసరికి చాలామంది దాని చప్పుడు వినబడనంత దూరం జరిగిపోయారు.

నీళ్లు మాత్రం పాత దారి మరిచిపోలేదు. 2020 అక్టోబర్ 13 రాత్రి నగరం మీద పడిన వాన ఒక్క రోజులో 19 సెంటీమీటర్లు దాటింది. ఎగువ చెరువుల నీరు ఒకప్పటి కాల్వల వెంట దిగివచ్చింది. కాల్వల మీద ఇళ్లున్నాయి. సరూర్‌నగర్ చెరువు పొంగి కింది కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ట్యూబుల మీద ముసలివాళ్లను తెచ్చారు. ఫ్రిజ్‌లు గల్లీల్లో తేలాయి. పీఎఫ్ డబ్బుతో ప్లాటు కొన్న ఆ రిటైర్డ్ టీచర్ల మీద కోపం ఎట్లా వస్తుంది? వాళ్లకు అమ్మినవాడు చెప్పలేదు, అనుమతిచ్చినవాడు అడగలేదు, తెలిసిన నీరటికాడు లేడు. ఈ దుఃఖంలో కొత్తవాళ్లూ పాతవాళ్లూ ఒకరి పక్కన ఒకరు మేడమీద నిలబడ్డారు. ఇన్నేళ్లలో వాళ్లు కలిసి నిలబడ్డ రాత్రి బహుశా అదొక్కటే.

కాగితం చిక్కులు కూడా ఆ కొత్తవాళ్లను వదల్లేదు. భూపరిమితి చట్టాన్ని కేంద్రం 1999లో, మన రాష్ట్రం 2008లో వదిలేశాయి. దాని నీడలో పడ్డ కాలనీలవాళ్లు మాత్రం ఇల్లు అమ్ముకోలేక, బ్యాంకు అప్పు రాక ఏళ్లకేళ్లు తిరిగారు. 2022లో జీవో 118తో గజానికి 250 రూపాయలు కట్టి క్రమబద్ధం చేసుకోండని ప్రభుత్వం చెప్పింది. గజం మీద ఇంకో లెక్క.

కొన్ని సంగతులు మరీ ఆలస్యంగా వస్తాయి. 1999లో రైతుబజార్లు మొదలయ్యాయి, సరూర్‌నగర్‌లోనూ ఒకటి వచ్చింది. దళారీ లేకుండా రైతు నేరుగా అమ్ముకునే చోటు. మాదన్నపేట మండిలో కమీషన్ తీయించుకుని సగం ధరతో తిరిగొచ్చిన తరానికి అది దేవుడిచ్చిన వరం అయ్యేది. తీరా అది వచ్చేసరికి ఈ ఊళ్లో అమ్ముకోవడానికి పంట లేదు. ఇబ్రహీంపట్నం, యాచారం నుంచి రైతులు తెచ్చిన బెండకాయలను చంపాపేట్ పాత రైతు కొడుకు సంచి పట్టుకుని వరసలో నిలబడి కొంటున్నాడు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ కూడా 2022 నాటికి ఊరు దాటి బాటసింగారం పోయింది. ఓవైసీ జంక్షన్ దగ్గర 2021 చివర కట్టిన ఫ్లైఓవర్‌కు కంచన్‌బాగ్‌లో పనిచేసిన అబ్దుల్ కలాం పేరు పెట్టారు. మంచి పని. పందిళ్లు వేసినవాళ్ల పేరు మాత్రం ఏ గల్లీకీ లేదు.

నాకు తెలిసిన ఒక పెద్దాయన ఆ రోడ్డు మీద ఒక హాల్లో పార్కింగ్ చూసుకుంటాడు. వాళ్ల చిన్న కమతం ఆ గేటుకు కొంచెం అవతలే ఉండేదట. ఎనభైల్లో బయానా తీసుకున్నప్పుడు వాళ్ల అయ్య, "ఇంత పైకం ఎట్ల ఖర్సయితది బిడ్డా" అని నవ్వాడట. ఒక రాత్రి బరాత్ హాల్లోకి పోయాక ఇద్దరం స్టూళ్ల మీద కూర్చుని ఉంటే ఆయన ఫోన్ మోగింది. యాచారం దిక్కు నుంచి మేనల్లుడు. ఫార్మాసిటీ అని ఒకసారి, ఫ్యూచర్ సిటీ అని ఒకసారి ఆ ఊళ్లన్నీ ఇప్పుడు ధరల జ్వరంలో ఉన్నాయి. స్పీకర్ పెట్టే అలవాటు ఆయనది.

"మామా, ఎకరానికి మస్తు చెప్తున్నరు. పొద్దుగాల బయానా తెస్తరట. ఏం జేద్దామంటవ్?"

పెద్దాయన వెంటనే మాట్లాడలేదు. రివర్స్ వస్తున్న ఇన్నోవాకు చెయ్యి ఊపి దారి చూపించాడు. తర్వాత అడిగాడు.

"బావిల నీళ్లున్నయా?"

"ఉన్నయ్ మామా."

"అక్కకు చెప్పినవా?"

అవతల ఏం సమాధానం రాలేదు.

"పొద్దుగాల ఇంట్ల ఉండకు మరి. అక్క తాన్కి పో. పోయి రెండ్రోజులుండి, కూసోని మాట్లాడి, గప్పుడు ఫోన్ జెయ్యి."